అయిదింటి వాకింగ్ అందరికీ పడదు

హనుమకొండలో ఎవరికైనా రిటైర్మెంట్ సన్మానం జరిగిన మర్నాడే ఒక పిలుపు వస్తుంది: "రేపటి సంది అయిదింటికల్లా బండ్ మీదికి రండి సారూ, పాణం మంచిగుంటది." ఆ బండ్ భద్రకాళి చెరువుది కావచ్చు, వడ్డేపల్లి చెరువుది కావచ్చు. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ అయినా కావచ్చు, కరీంనగర్‌లో అయితే మానేరు డ్యామ్ కట్ట. పిలుపులో తప్పేమీ లేదు. చిక్కంతా ఆ అయిదింటితోనే. జనవరి అయిదు గంటలు వేరు, మే నెల అయిదు గంటలు వేరు. షుగర్ మాత్ర వేసుకునే మనిషికి కుదిరే వేళ, బీపీకి నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర వేసుకునే మనిషికి కుదరకపోవచ్చు.

అరవై దాటాక బయట గడిపే ఆ ఒక్క గంట మీద ఆశలన్నీ పెట్టుకుంటాం. ఆ గంటలోనే షుగర్ దిగాలి, విటమిన్ డి రావాలి, మోకాళ్లు గట్టిపడాలి, రాత్రి నిద్ర పట్టాలి, మంచి గాలి పీల్చాలి. ఇవన్నీ ఆరుబయట దొరికేవే. కాకపోతే అన్నీ ఒకే వేళకు దొరకవు. కొన్నయితే నడకతో అసలే రావు.

కంటికి వెలుగు, ఒంటికి ఎండ

పొద్దుటి ఎండ మంచిదంటారు. ఆ మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

మొదటిది నిద్ర. ఒంట్లోని గడియారాన్ని రోజూ సరిచేసేది కంట్లో పడే పగటి వెలుగు. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వెలుతురు 200, 300 లక్స్‌కు (వెలుగును కొలిచే కొలమానం) మించదు. బయట చెట్టు నీడలో కూర్చున్నా, మబ్బు పట్టిన రోజైనా, అది వేలల్లో ఉంటుంది. తెల్లవారాక అరగంట ఆ వెలుగులో ఉంటే రాత్రి నిద్ర వేళకు వస్తుంది. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసి దిగిపోయిన సింగరేణి కార్మికులకు ఇది మరీ అవసరం. జనవరిలో మన దగ్గర పొద్దు పొడిచేది సుమారు 6:45కి. అయిదింటికి వెళ్లి ఆరింటికి ఇల్లు చేరిన మనిషికి నడక దక్కింది కానీ వెలుగు దక్కలేదు.

రెండోది విటమిన్ డి. దాన్ని చర్మంలో తయారుచేసే కిరణాలు పొద్దు కిందికి ఉన్నప్పుడు నేల దాకా దాదాపు రావు. గుర్తు పెట్టుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది: మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నప్పుడే ఆ కిరణాలు పనికొచ్చేంత ఉంటాయి. వరంగల్ ఉన్న 18 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబర్‌లో నీడ అలా పొట్టిపడేది పగలు సుమారు 11 నుంచి ఒంటి గంట దాకా మాత్రమే. మే చివర్లో తొమ్మిదికే పొట్టిపడుతుంది. అంటే ఆరింటి లేత ఎండలో గంటసేపు కూర్చున్నా విటమిన్ డి లెక్కలో వచ్చేది దాదాపు సున్నా. చలికాలంలో మధ్యాహ్నం భోజనానికి ముందు చేతులు, కాళ్లు, మెడ తగిలేలా 20, 30 నిమిషాలు డాబా మీద కూర్చోవడమే అసలు పని. అది కిటికీ అద్దం వెనక కాదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. వయసు పెరిగేకొద్దీ చర్మానికి ఆ విటమిన్ తయారుచేసే శక్తి తగ్గుతుంది, చామనఛాయ, నలుపు చర్మాలకు సమయం ఎక్కువ పడుతుంది. అందుకే లోపం బాగా ఉన్నవాళ్లకు ఎండ ఒక్కటే చాలదు. అట్లని పరీక్ష లేకుండా 60 వేల యూనిట్ల గుళికలను నెలల తరబడి మింగడం కూడా మంచిది కాదు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

చలికాలం గాలి

"పొద్దుగాల గాలి స్వచ్ఛం" అనేది వానాకాలంలో నిజం, చలికాలంలో చాలాసార్లు అబద్ధం. డిసెంబర్, జనవరిల్లో రాత్రంతా నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి పొర కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి పొర మూతలా నిలుస్తుంది. చెత్త కాల్చిన పొగ, చలిమంటల పొగ, బస్సులు లేపిన దుమ్ము అన్నీ ఆ మూత కిందే, ముక్కు ఎత్తులోనే ఉండిపోతాయి. పొద్దెక్కి నేల వేడెక్కాకే గాలి పైకి లేచి పొగ చెదురుతుంది. చెరువు కట్ట మీద పొగమంచులో కట్టెల వాసన తగులుతోందంటే ఆ రోజు ముందే వచ్చేశామని అర్థం.

పైగా చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీపీ నిద్ర లేచాక మామూలుగానే పెరుగుతుంది, గుండెపోట్లు కూడా పొద్దుటి పూటే ఎక్కువ. ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడే రోజుల్లో గుండె జబ్బు, ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్లు, బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు ఎనిమిది దాటాక బయల్దేరడం మేలు. చెవులు, ముక్కు కప్పేలా మఫ్లర్ చుట్టుకుని, మొదటి పది నిమిషాలు తాపీగా నడవాలి.

ఎండాకాలం: ఒంటికి తెలియని దాహం

మే నెలలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ అయిదున్నరే సరైన వేళ, అప్పటికే తెల్లవారుతుంది, ఏడింటికి ఇంట్లో ఉండాలి. రామగుండం, నిజామాబాద్, ఆదిలాబాద్‌లలో 44, 45 డిగ్రీలు ఎవరికీ కొత్త కాదు. కానీ అదే ఎండ నలభై ఏళ్ల మనిషికీ డెబ్బై ఏళ్ల మనిషికీ ఒకేలా తగలదు. వయసుతో దాహం వేయడం మందగిస్తుంది, చెమట తగ్గుతుంది, కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు. ఒంట్లో నీళ్లు తగ్గిన సంగతి దాహం కన్నా ముందు మూత్రం చెబుతుంది. రంగు ముదురు పసుపైతే అప్పటికే ఆలస్యం అయినట్టే.

బయల్దేరే ముందు ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మి.లీ. నీళ్లు, తిరిగొచ్చాక ఇంకొక గ్లాసు. పలుచటి చల్ల, తైదంబలి బాగానే పనిచేస్తాయి. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, లీటరు ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కలపడం. దానివల్ల ఉప్పు గాఢత నాలుగైదు రెట్లవుతుంది. పెద్ద ప్యాకెట్ పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు రోజుకు ఇంతే నీళ్లని డాక్టర్ గీత గీసి ఉంటే ఆ గీతే లెక్క, పైన చెప్పిన గ్లాసులు కూడా అందులోవే.

సాయంత్రం సంగతిలోనూ మోసపోతాం. పొద్దు వాలింది కదా అని అయిదింటికి బయల్దేరితే సీసీ రోడ్లు, గుట్టల బండలు పగలంతా తాగిన వేడిని అప్పుడే కక్కుతుంటాయి. ఆరున్నర దాకా ఆగాలి. రోహిణి కార్తె ఎండ పొడి ఎండ, చెమట ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. మృగశిర దాటి ఒక వాన పడి మళ్లీ ఎండ కాస్తే ఉష్ణోగ్రత 38కి దిగినా చెమట ఆరదు. థర్మామీటర్ తగ్గింది కాబట్టి ప్రమాదం తగ్గిందనుకునే ఆ వారంలోనే పెద్దవాళ్లు ఎక్కువ నీరసపడతారు. మాట తడబడినా, మనిషి తికమకపడినా వడదెబ్బే అనుకోవాలి. నీళ్లు తాగించడం కన్నా ముందు నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

కొత్తగా నడక మొదలుపెట్టేవాళ్లు మే నెలలో మొదలుపెట్టవద్దు. శివరాత్రికి చలి పోయాక మొదలుపెడితే ఎండతో పాటే ఒళ్లూ అలవాటు పడుతుంది.

మాత్రల డబ్బా ముందేసుకుని చూడండి

ఎవరికి ఏ వేళ అన్నది సగం వరకు తేల్చేది ఈ డబ్బానే. అయినా నడక గురించి మాట్లాడేటప్పుడు దాన్ని ఎవరూ తెరవరు.

గ్లిమిపెరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో గంట నడిస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. బయల్దేరే ముందు గ్లూకోమీటర్‌లో వంద లోపు చూపిస్తే రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తిని కదలాలి. జేబులో చక్కెరో గ్లూకోజ్ పొడో ఉండాలి: వణుకు, చెమట మొదలైతే మూడు చెంచాలు, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ.

బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రొలాల్, అటెనొలాల్ వేసుకునేవాళ్లకు రెండు సంగతులు. ఇవి గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి చేతి వాచీలో "నిమిషానికి 120 చేరాలి" లాంటి లక్ష్యం పెట్టుకుంటే ఎప్పటికీ చేరదు. చేరాలని పరుగెత్తితే ఆయాసమే మిగులుతుంది. మాట పరీక్ష చాలు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. రెండోది, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఈ మాత్రల వల్ల బయటికి తెలియవు. చెమట ఒక్కటే మిగిలే గుర్తు. చలికాలం పొద్దున ఉన్నట్టుండి చల్లటి చెమట పడితే అక్కడే కూర్చుని చక్కెర నోట్లో వేసుకోవాలి. దాంతో పాటు ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం ఉంటే అది షుగర్ సంగతి కాదు, గుండె సంగతి. నేరుగా ఆసుపత్రికే.

నీళ్ల మాత్రలు చాలామంది తమకు తెలియకుండానే వేసుకుంటున్నారు. బీపీ మాత్ర పేరు చివర "హెచ్" ఉంటే అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిందన్నమాట. మూత్రం ఎక్కువ పోయే మాత్రల్లో ఫ్యూరోసెమైడ్ ఒకటి, షుగర్‌కు ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ ఒకటి. వీటితో రెండు ఇబ్బందులు: దారిలో బాత్‌రూమ్ దొరకదు, ఎండలో నీళ్లు తొందరగా తగ్గుతాయి. బాత్‌రూమ్ భయంతో నీళ్లే తాగకుండా బయల్దేరడం ఇంకా పెద్ద పొరపాటు. మాత్ర వేళను నడక తర్వాతికి మార్చవచ్చా అని డాక్టర్‌ను అడగండి, చాలాసార్లు మార్చవచ్చు. మాత్ర మానేయడం మాత్రం మన చేతిలో లేదు.

ప్రొస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లేవగానే బీపీని దించవచ్చు. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు: అయిదు నిమిషాలు పడుకుని బీపీ చూసి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాకే కట్ట ఎక్కాలి.

నడక ఉంది కదా, మరి పడిపోవడం ఎందుకు?

రోజూ అయిదు కిలోమీటర్లు నడిచే మనిషి ఇంటి గడప దగ్గర తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే అందరూ ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోవాల్సింది లేదు. సమతలం మీద తిన్నగా నడవడం గుండెకు మంచి పని, నిలకడకు మాత్రం అంతంత మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు 65 దాటినవాళ్లకు మూడు పనులు విడివిడిగా చెప్పాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల బలానికి, కనీసం మూడు రోజులు నిలకడ మీద దృష్టి పెట్టే కసరత్తు. మనం మొదటిది చేసి మూడూ అయ్యాయనుకుంటాం.

మిగతా రెంటికీ పార్కు సిమెంట్ బెంచీ ఒక్కటి చాలు. చేతులు ఎదకు కట్టుకుని బెంచీ మీంచి లేచి కూర్చోవడం, పదేసి చొప్పున రెండు విడతలు. లేవడానికి ఒక్క అంకె, కూర్చోవడానికి మూడంకెలు లెక్కపెట్టాలి, ధబేలున కూలబడితే తొడలకు పనే ఉండదు. తర్వాత బెంచీ వీపును రెండు వేళ్లతో పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు. తేలికయ్యాక ఒక వేలు, తర్వాత పట్టు వదలడం. ఆ తర్వాత ఒక కాలి మడమ రెండో కాలి వేలి మొనకు ఆనేలా పది అడుగులు, పక్కవాటుగా పది అడుగులు. మనుషులు పక్కకు తూలి పడినప్పుడే తుంటి విరగడం ఎక్కువ, అందుకే పక్క అడుగులు ముఖ్యం. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు తొమ్మిది సాయంత్రాలు చేసేది ఇదే: పక్కకు అడుగు, కొంచెం వంగడం, చప్పట్లు, మళ్లీ అడుగు. పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మ నాడు డెబ్బై ఏళ్ల అమ్మమ్మల అడుగు చూస్తే ఏ కసరత్తూ నేర్పక్కర్లేదనిపిస్తుంది. మిగిలిన రోజులన్నీ ఆ అడుగు ఆగిపోవడమే నష్టం. ఆ మాటకొస్తే అయిదింటి వాకింగ్ మగవాళ్లు తమ కోసం పెట్టుకున్న వేళ. ఆ సమయానికి ఇంట్లో నల్లా నీళ్లు, వాకిలి, ముగ్గు, చాయ్ ఎవరి చేతిలో ఉంటాయో తెలిసిందే. శుభ్రమైన బాత్‌రూమ్ లేని గ్రౌండ్‌కు ఆడవాళ్లు రాలేదని అనడం కూడా న్యాయం కాదు.

ఓపెన్ జిమ్ పరికరాల్లో కూర్చుని కాళ్లతో నెట్టేది బాగుంటుంది. నిలబడి నడుము గిరగిరా తిప్పే గుండ్రటి పళ్లెం ఎముకలు గుల్లబారినవాళ్లకు వద్దు, వెన్నుపూస నలగవచ్చు. గాలిలో నడిచినట్టు ఊగేదాన్ని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పడతారు, ఊగుతున్నప్పుడు కాదు.

కాలి కింద, కంటి ముందు

బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం చదవడానికి. మెట్లు దిగేటప్పుడు చూపు పడేది సరిగ్గా ఆ భాగంలోనే, అందుకే మెట్టు అంచు మసకబారుతుంది. బయట తిరగడానికి దూరపు చూపు అద్దాలు విడిగా చేయించుకుంటే ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ. చెప్పులు కాకుండా మడమ పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి. కొనేది సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బాక. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. పొద్దున్నే మంచు గడ్డి మీద ఉత్త కాళ్లతో నడిస్తే షుగర్ తగ్గుతుందన్నది వట్టి మాట. పాదాల్లో స్పర్శ తగ్గిన షుగర్ మనిషికి పల్లేరుగాయో తుమ్మ ముల్లో దిగినా తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది.

ఊతకర్ర విషయంలో దాదాపు అందరూ తలకిందులుగా చేస్తారు. కర్ర పట్టాల్సింది నొప్పి కాలి వైపు కాదు, రెండో వైపు చేత్తో. ఎత్తు మణికట్టు గీత దాకా ఉంటే చాలు. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, నొప్పి కాలు. అడుగున రబ్బరు బిళ్ల అరిగి నున్నబడితే తడి నేల మీద కర్రే జారుతుంది. మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం. గుట్ట ఎక్కగలిగాం కదా అని దిగడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

వానాకాలంలో చెరువు కట్టకు రెండు షరతులు. పాకుడు పట్టిన రాతి మెట్ల వైపు, మత్తడి దూకే చోటికి పోకూడదు. చీకట్లో టార్చ్ లేకుండా అసలే వెళ్లకూడదు, కట్లపాము రాత్రి తిరిగేది, రక్తపింజర గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, పసరు పోయడం వద్దు. కాలు కదలకుండా కట్టి నేరుగా పెద్దాసుపత్రికి, వరంగల్‌లో అయితే ఎంజీఎంకు. కుక్క కరిస్తే సబ్బు, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. కాలిబాట లేని రోడ్డు మీద నడవాల్సి వస్తే కుడి వైపున, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడవాలి.

కట్ట దాటి దూరం పోతే

రోజూ నడిచే చోట కంటికి కూడా ఏదైనా పని ఉంటే నడక సాగుతుంది. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకోవడం, లకుముకి పిట్ట మునగడం, తుమ్మ కొమ్మకు గిజిగాడి గూళ్లు, మాఘ ఫాల్గుణాల్లో మోదుగ పూత, ఎండాకాలంలో రేల పూత: ఇవి చూడ్డానికి అడవికి పోనక్కర్లేదు. బైనాక్యులర్ కొంటే 8 రెట్లది, 32 మి.మీ. అద్దాలది చాలు. 10 రెట్లదాంట్లో చేతి వణుకు కూడా పెద్దదై కనిపించి పిట్ట నిలవదు.

పాకాల, రామప్ప, లక్నవరం ప్రయాణాలు అక్టోబర్ నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోవాలి. గంటకోసారి బండి ఆపి పది అడుగులు వేయకపోతే కాళ్లు వాస్తాయి. 1213లో కట్టడం మొదలై, 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప గుడి దగ్గర చెప్పులు బయటే వదలాలి. మధ్యాహ్నం రెండింటికి ఆ రాతి నేల కాలుతుంది. మామూలు మనిషి గెంతుతూ నీడకు పరుగెత్తుతాడు, పాదాల్లో స్పర్శ లేని మనిషి నింపాదిగా శిల్పాలు చూస్తూ నిలబడతాడు, బొబ్బలు రాత్రి బయటపడతాయి. కాబట్టి రామప్పను పొద్దున తొమ్మిది లోపు చూడాలి, లేదంటే మందపాటి సాక్సులు తీసుకెళ్లాలి. లక్నవరం వేలాడే వంతెన అడుగడుగుకూ ఊగుతుంది. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడలేనివాళ్లు గుంపు తగ్గేదాకా ఆగి, తాడు పట్టుకుని ఒక పక్కనే నడవాలి, అదీ దూరపు చూపు అద్దాలతో.